ఎర్ర రీలు, ఆకుపచ్చ రీలు: నా ఆర్నెల్ల టీబీ వైద్యం

నా కుట్టుమిషన్ పక్కన కిటికీలో ఆర్నెల్ల పాటు రెండు దారం రీళ్లు కదలకుండా ఉన్నాయి. ఒకటి ఎర్రది, ఇంకోటి ఆకుపచ్చది. వాటితో ఒక్క కుట్టు కూడా వేయలేదు. రోజూ పొద్దున గోలీలు మింగగానే వాటిని చూడాలి. ఎరుపు ఎరుపులాగే కనబడుతోందా, ఆకుపచ్చ ఆకుపచ్చలాగే ఉందా అని. ఈ పని నాకు అప్పజెప్పింది మా 30 పడకల దవాఖాన డాక్టరమ్మ.

ఆ దవాఖాన బోర్డు మీద సామాజిక ఆరోగ్య కేంద్రం అని రాసి ఉంటుంది. ఆ పేరుతో ఎవరూ పిలవరు. 30 పడకల దవాఖాన అంటేనే ఆటోవాళ్లకు కూడా తెలుస్తుంది. నేను అంతకుముందు రెండు కాన్పులకు తప్ప దాని గేటు లోపలికి పోలేదు. రోగం వస్తే మంచి వైద్యం హనుమకొండలోనే ఉంటుందనుకునేదాన్ని. మా ఊళ్లో అందరూ అలాగే అనుకుంటారు.

మాది ములుగు జిల్లా. హనుమకొండ నుంచి ఏటూరునాగారం పోయే పెద్ద రోడ్డు మీద దిగి, ఆరు కిలోమీటర్లు లోపలికి వస్తే మా ఊరు. ఊరి పేరు రాయడం లేదు. ఇందులో నా ఒక్కదాని సంగతే కాదు, మా ఇంట్లోవాళ్లది, మా ఆశ అక్కది కూడా ఉంది. మా ఆయన ఆటో నడుపుతాడు. నేను జాకెట్లు, లంగాలు, బడి యూనిఫాంలు కుడతాను. పత్తి, మిర్చి రోజుల్లో కూలికి కూడా పోతాను. ఇద్దరు పిల్లలు. మాతోపాటే అత్తమ్మ ఉంటుంది.

2024 సద్దుల బతుకమ్మ నాడు పాట ఎత్తుకున్నదాన్ని మధ్యలోనే ఆగిపోయాను. దమ్ము అందలేదు. పత్తి దుమ్ము పట్టిందనుకున్నాను. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే ఒక సూది, ఒక దగ్గు సిరప్. పోయినప్పుడల్లా 150, ఒక్కోసారి 200. ఆయన్ను తప్పుపట్టను. అర్ధరాత్రి పిల్లలకు జ్వరం వస్తే మా ఊళ్లో తలుపు తీసేది ఆయనొక్కడే. కానీ నాలుగు వారాలు తాగినా తగ్గలేదంటే అది సిరప్‌తో పోయే దగ్గు కాదని ఎవరో ఒకరు చెప్పాల్సింది.

దీపావళి నాటికి పొద్దుగూకే వేళకు ఒళ్లు వెచ్చబడేది. రాత్రి చెమటకు దిండు తడిసేది. టైలర్‌ను కాబట్టి నా కొలత నాకు బాగా తెలుసు. రెండు నెలల్లో రెండుసార్లు నా జాకెట్ పక్క కుట్లు లోపలికి వేసుకున్నాను. మూడోసారి వేద్దామంటే బట్ట మడతే ఎక్కువైపోయింది. అప్పుడు భయమేసింది.

మా ఆయన నా కమ్మలు కుదువబెట్టి 15,000 తెచ్చాడు. హనుమకొండలో ఒక ప్రైవేటు ఆస్పత్రికి పోయాం. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ, 2023 డిసెంబర్ నుంచి జీరో టికెట్ ఇస్తున్నారు. అయినా మా ఆయనకు టికెట్ కొనాలి, బస్టాండు నుంచి ఆస్పత్రికి ఆటో, మధ్యాహ్నం బయట తినాలి, ఆ రోజు ఆయన ఆటో కిరాయిలు పోయినట్టే. లోపల డాక్టర్ ఫీజు, ఎక్స్‌రే, రక్త పరీక్షలు, మందులు అన్నీ కలిపి మొదటి రోజే 8,000 దాటింది. ఆరోగ్యశ్రీ కార్డు చూపిస్తే, ఓపీకి రాదు, చేరితేనే చూద్దామన్నారు. ఆ పథకం పరిమితి 10 లక్షలకు పెంచారని మాకూ తెలుసు. కానీ అది చేరి చేయించుకునే వైద్యాలకు. నా రోగానికి అప్పటికింకా పేరే లేదు. మాలాంటి ఇళ్లలో డబ్బు కరిగిపోయేది అక్కడే. రోగం పేరు తెలియకముందే సగం అప్పు అయిపోతుంది.

న్యుమోనియా అని పది రోజుల గోలీలు రాశారు. తగ్గినట్టే తగ్గింది. డిసెంబర్ మొదటి వారానికి మళ్లీ మొదలైంది. రెండోసారి పోతే సీటీ స్కాన్ తీయాలి, గొంతులోంచి గొట్టం వేసి చూడాలి, చేరండి, 40,000 దాకా అవుతుందన్నారు. ఇంటికి పోయి మాట్లాడుకుని వస్తామని లేచాం. ములుగు దాటేదాకా బస్సులో మా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ తర్వాత నెలన్నర ఏమీ చేయలేదు. దగ్గు వస్తే చెంగు అడ్డం పెట్టుకుని వెనక వాకిట్లోకి పోయేదాన్ని. కుట్టుడుకు వచ్చేవాళ్లు వింటే బట్టలు ఇవ్వరని భయం. ఆశ అక్క ఇంటింటి సర్వేకు రెండుసార్లు వస్తే నేను లోపలే ఉండిపోయాను, అందరూ మంచిగనే ఉన్నారని అత్తమ్మతో చెప్పించాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ నాలా చేసేవాళ్లు చాలామంది ఉంటారు, అందుకే రాస్తున్నాను.

సంక్రాంతి ముందు అత్తమ్మ బీపీ చూడడానికి వచ్చి, గడపలోనే కూర్చుంది అక్క. మాట్లాడుతూ మాట్లాడుతూ నేను దగ్గాను. ఆపుకోలేకపోయాను. అక్క బీపీ మిషన్ పక్కన పెట్టింది.

“ఎన్ని దినాల సంది దగ్గుతున్నవ్ చెల్లె?”

“దసరా సంది.”

“మూడు నెలలా! రెండు వారాలు దాటితేనే తెమడ పరీక్ష చేయించాలె. నన్ను చూసి ఇంట్లకు ఎందుకు పోయినవ్?”

నేనేం చెప్పలేదు. అక్క కూడా మళ్లీ అడగలేదు. సంచిలోంచి మూతలున్న రెండు చిన్న ప్లాస్టిక్ డబ్బాలు తీసి నా పేరు, వయసు రాసింది. ఒకటి ఇప్పుడే, ఇంకోటి రేపు పొద్దున లేవగానే అని చెప్పింది.

మొదటి డబ్బా పనికి రాలేదు. దవాఖాన ల్యాబులో చూసి, ఇది ఉమ్మి, తెమడ కాదు అని తిప్పి పంపారట. మర్నాడు తెల్లారకముందే అక్క మా వెనక వాకిట్లోకి వచ్చింది. మొదట మంచినీళ్లతో పుక్కిలించమంది. తర్వాత గట్టిగా ఊపిరి పీల్చి కాసేపు ఆపి వదలమంది, అలా రెండుసార్లు. మూడోసారి పీల్చి, గొంతులోంచి కాదు, కడుపు బిగబట్టి ఛాతీ అడుగు నుంచి దగ్గమంది. తాను గాలి వచ్చే వైపు నిలబడింది. చలికి ఇద్దరం వణుకుతున్నాం. వచ్చింది. పచ్చగా, చిక్కగా, ఒక మూల సన్నని ఎర్ర చార. నేను కళ్లు మూసుకున్నాను. అక్క మూత బిగించి, డబ్బాను కవర్లో చుట్టి, “ఇగ దొరుకుతది” అంది. నా రోగం దొరకడం మంచి సంగతిలా మాట్లాడిన మొదటి మనిషి ఆమే.

వెనకట గాజు పలక మీద పూసి, మైక్రోస్కోపులో చూసేవాళ్లట. ఇప్పుడు ట్రూనాట్ అనే చిన్న మిషన్ ఉంది. గోవాలో తయారవుతుంది, కరెంటు పోయినా బ్యాటరీ మీద నడుస్తుంది. మా వైపు గాలివానకు రోజంతా కరెంటు పోయే ఊళ్లకు అది చిన్న విషయం కాదు. టీబీ ఉందో లేదో, ఉంటే రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకు లొంగుతుందో లేదో, రెండూ కొన్ని గంటల్లోనే చెప్పేస్తుంది. మర్నాడు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. టీబీ ఉంది, మందులకు లొంగే రకమే. హనుమకొండలో రెండు ప్రయాణాలు, పదిహేను వేలు పెట్టినా తెలియనిది, తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఒక్క రూపాయి లేకుండా తెలిసింది.

2025 జనవరి 20, సోమవారం, మందులు మొదలుపెట్టారు. బరువు 41 కిలోలు. ఆ బరువుకు రోజుకు మూడు గోలీలు. ఒక్కో గోలీలో నాలుగు మందులు కలిసే ఉంటాయి: ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్. రెండు నెలలు ఇవి, తర్వాత నాలుగు నెలలు పైరజినమైడ్ లేకుండా మిగతా మూడు. షుగర్ పరీక్ష, హెచ్ఐవీ పరీక్ష కూడా చేశారు. హెచ్ఐవీ అనగానే మా ఆయన మొహం మారిపోయింది. టీబీ వచ్చిన ప్రతి ఒక్కరికీ చేస్తాం, నీ భార్య మీద అనుమానంతో కాదు అని కౌన్సెలర్ ముందే చెప్పింది. ఆ మాట ముందే చెప్పకపోతే మా ఇంట్లో ఏమయ్యేదో.

హనుమకొండలో ఇచ్చిన గోలీలకు ఎందుకు తగ్గినట్టయిందని డాక్టరమ్మను అడిగాను. కొన్ని రకాల యాంటీబయాటిక్స్ టీబీ క్రిములను కూడా కొంతవరకు అణుస్తాయి, అందుకే దగ్గు తగ్గి రోగం దాగుతుంది, తర్వాత మళ్లీ లేస్తుంది అని చెప్పింది. ఎవరినీ తిట్టలేదు. “దగ్గు పాతబడితే ముందు తెమడ చూడాలమ్మా, తర్వాతే ఏదైనా” అని మాత్రం అంది.

తర్వాత నా పని ఏమిటని అడిగింది. కుట్టుడు అంటే, ఒక్క నిమిషం కాగితం మీంచి తలెత్తి చూసింది. ఈ మందుల్లో ఇథాంబుటాల్ అనేది ఎవరో కొందరికి కళ్ల నరం మీద పనిచేస్తుందట. మొదట తేడా వచ్చేది ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లోనట. “నీ దగ్గర దారాలుంటాయి కదా. ఒక ఎర్ర రీలు, ఒక ఆకుపచ్చ రీలు కిటికీలో పెట్టుకో. గోలీలు వేసుకోగానే ఒక కన్ను మూసి ఒకసారి, ఇంకో కన్ను మూసి ఒకసారి చూడు. రంగు వెలిసినట్టు అనిపించినా, సూదిలో దారం ఎక్కకపోయినా, నెల దాకా ఆగకు, ఆ రోజే రా.” నా చేతిలో ఉన్న వస్తువుతోనే నాకు పరీక్ష ఎలా చేసుకోవాలో చెప్పింది. అంతకుముందు చూపించుకున్న చోట నా పని ఏమిటని ఎవరూ అడగలేదు. మూత్రం ఎర్రగా వస్తుంది, భయపడొద్దని కూడా చెప్పింది. అది రిఫాంపిసిన్ రంగు. కళ్లు పచ్చబడితే, వాంతులు ఆగకపోతే మాత్రం గోలీలు ఆపి వెంటనే రమ్మంది.

బయటికొచ్చాక స్టాఫ్ నర్సు మా ఆయనను మందుల కౌంటర్ దగ్గరికి పంపించి, నన్ను పక్కకు పిలిచింది. పిల్లలు కాకుండా ఏమైనా వాడుతున్నవా అని మెల్లగా అడిగింది. మాలా-ఎన్ గోలీలు వాడుతున్నానని చెప్పాను. రిఫాంపిసిన్ వేసుకుంటే ఆ గోలీలు సరిగ్గా పనిచేయవట. వేరే పద్ధతి చెప్పి పంపింది. ఆ మాట అడిగేవాళ్లు లేకపోతే, ఆరు నెలల మందుల మధ్యలో నాకు కడుపు వచ్చి ఉండేది. అడగాలని నాకెలా తెలుస్తుంది?

ఇంట్లో అసలు కష్టం అత్తమ్మతో వచ్చింది. ఆమెకు టీబీ అంటే అనంతగిరి. వికారాబాద్ గుట్టల్లో నిజాం కాలం నాటి టీబీ దవాఖాన. ఆమె మేనమామను చిన్నప్పుడు అక్కడికి తీసుకుపోయారట. మనిషి తిరిగి రాలేదు. ఆ రోజు సాయంత్రమే నా కంచం, గ్లాసు వేరు పెట్టింది. పిల్లలను తన పక్కలో పడుకోబెట్టుకుంది. కోపంతో కాదు, భయంతో. నేను గోడ వైపు తిరిగి ఏడ్చాను.

మూడో రోజు టీబీ సూపర్‌వైజర్ సార్ బండి మీద ఇంటికి వచ్చాడు. కంచం వేరుగా బోర్లించి ఉండడం చూశాడు. అత్తమ్మ పక్కన చాప మీద కూర్చుని మాట్లాడాడు. కంచంతో రాదు, బట్టలతో రాదు, దగ్గినప్పుడు గాలిలోంచి వస్తుంది, మందులు సరిగ్గా వేసుకుంటే కొన్ని వారాల్లోనే అంటించే గుణం బాగా తగ్గిపోతుంది, అప్పటిదాకా మాస్కు పెట్టుకుని, కిటికీలు తెరిచి పడుకుంటే చాలు అని చెప్పాడు. “పెద్దమ్మా, 1950లల్ల మద్రాసుల సర్కారోళ్లే చూసిన్రు. కొందరిని పెద్ద దవాఖానల ఉంచిన్రు, కొందరికి గుడిసెలల్లనే గోలీలిచ్చిన్రు. ఇంటికాడ ఉన్నోళ్లకు గూడ అంతే మంచిగైంది, ఇంట్లోళ్లకు ఎక్కువ అంటనూ లేదు. అందుకే ఇప్పుడు అనంతగిరికి పోవాల్సిన పని లేదు. మందే మన ఇంటికి వస్తది.” అత్తమ్మ వెంటనే ఏమీ అనలేదు. నాలుగైదు రోజుల తర్వాత ఒక పొద్దున గోలీలకు నీళ్లు ఆమే తెచ్చిచ్చింది, ఇంట్లో అందరం తాగే స్టీలు గ్లాసులో.

ఇంటిల్లిపాదినీ పరీక్షలకు రమ్మన్నారు. దవాఖానలో అందరికీ ఎక్స్‌రే తీశారు. టీబీ ఎవరికీ లేదు. పిల్లలిద్దరికీ ముందుజాగ్రత్తగా ఐసోనియాజిడ్ గోలీ ఆరు నెలలు రోజూ వేయమన్నారు. అత్తమ్మకు మాత్రం షుగర్ బయటపడింది, పొద్దున ఏమీ తినకముందే 240. ఎన్నాళ్ల నుంచి ఉందో, కాళ్లు మంటలు అంటే మేం పొలం పని అనుకున్నాం. అప్పటి నుంచి నెలనెలా ఆమె గోలీలు, నా గోలీలు ఒకే చోట, ఒకే రోజు తెచ్చుకున్నాం. షుగరున్నవాళ్లకు టీబీ త్వరగా అంటుతుందట కాబట్టి, నా రోగం వల్ల ఆమెది తెలియడం మా అదృష్టమే.

పౌష్టికాహారానికి కేంద్రం నెలకు 1,000 రూపాయలిస్తుంది. 2018లో మొదలుపెట్టినప్పుడు 500 ఉండేది, 2024 నవంబర్ నుంచి పెంచారు. నా డబ్బులు ఆగిపోయాయి. బ్యాంకు ఖాతాకు ఆధార్ సరిగ్గా కలవలేదు. బ్యాంకుకు మూడుసార్లు తిరిగాను. ఒకసారి సర్వర్ లేదు, ఒకసారి వేలిముద్ర పడలేదు. సూదిపోట్లతో నా వేళ్ల గీతలు అరిగిపోయాయి. చివరికి సూపర్‌వైజర్ సార్ ఫోన్లు చేసి సరిచేయించాడు. మార్చిలో మూడు నెలల డబ్బు 3,000 ఒకేసారి పడింది. రోజుకు రెండు గుడ్లు, పల్లీలు, వారానికోసారి చేపలు. ఈ తిండి తినాల్సింది మందులు మొదలైన మొదటి రోజు నుంచి కదా, 50 రోజుల తర్వాత కాదు. ఈ ఒక్కటి మార్చాలి.

నెలకోసారి ఆ దవాఖాన వరండాలో కూర్చుని ఎంతోమందిని చూశాను. మిర్చి ఏరడానికి ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కూలీలు, గూడేల నుంచి నడిచి వచ్చిన కోయవాళ్లు, తండాల నుంచి నెలలు నిండిన ఆడపిల్లలు, కుక్క కరిచిన పిల్లగాళ్లు, నాలుగో సూదికి వచ్చిన ముసలాయన. ఫిబ్రవరిలో ఒకరోజు గొత్తికోయ జంట ఒకటి వచ్చింది, ఛత్తీస్‌గఢ్ నుంచి వలసొచ్చి అడవిలో ఉండే ఆదివాసులు. ఏడాది పిల్లకు జ్వరం, తెలుగు ఒక్క ముక్క రాదు, చేతిలో ఏ కార్డూ లేదు. ఓపీ చీటీ రాసే అబ్బాయి ఏం రాయాలో తెలియక ఆగిపోయాడు. అక్కడ ఊడ్చే అమ్మ కోయ మాట్లాడుతుంది. చీపురు గోడకు ఆనించి వచ్చి, తల్లి పక్కన గొంతుక్కూర్చుని, ఎన్నాళ్ల నుంచి జ్వరం, పాలు తాగుతోందా అని ఒక్కొక్కటే అడిగి డాక్టర్‌కు చెప్పింది. మలేరియా పరీక్ష చేసి, పిల్లను పడక మీద చేర్చుకున్నారు. కార్డు సంగతి తర్వాత చూద్దామన్నారు. హనుమకొండ అద్దాల ఆస్పత్రిలో ఆ తల్లి గేటు దాటేదా అనిపించింది.

మైదాన ప్రాంతంలో 1,20,000 మందికి, గిరిజన, కొండ ప్రాంతాల్లో 80,000 మందికి ఒక సామాజిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది ప్రభుత్వ ప్రమాణం. దాని కింద మా వైపు 20,000 మందికి ఒక పీహెచ్‌సీ, 3,000 మందికి ఒక సబ్ సెంటర్. ఈ లెక్కలు డాక్టరమ్మ గది బయట చార్టు మీద చదివాను. నా వైద్యం ఆ మెట్లన్నీ ఎక్కి దిగింది. అక్క సంచిలోని డబ్బా, సబ్ సెంటర్ రిజిస్టర్, దవాఖాన మిషన్, మళ్లీ నా కిటికీ. ఇందులో ఏ ఒక్క మెట్టు విరిగినా నేను మళ్లీ వెనక వాకిట్లో చెంగు అడ్డం పెట్టుకుని దగ్గేదాన్ని.

అన్నీ బాగున్నాయని చెప్పను. నాలుగు రకాల నిపుణులు ఉండాల్సిన చోట నేను చూసిన ఆరు నెలల్లో ఇద్దరే ఉన్నారు. దేశమంతటా గ్రామాల్లోని ఇలాంటి కేంద్రాల్లో కావాల్సిన నిపుణుల్లో దాదాపు 80 శాతం కొరత ఉందని 2021-22 నాటి కేంద్ర ప్రభుత్వ నివేదికే చెప్పింది. ఎక్స్‌రే తీసే తమ్ముడు వారంలో కొన్ని రోజులు ఇంకో దవాఖానలో పనిచేసేవాడు. ఏప్రిల్‌లో ఒకసారి నెల గోలీలకు బదులు వారం గోలీలే ఇచ్చి, స్టాక్ రాలేదు, మళ్లీ రమ్మన్నారు. నాకు ఆటో ఇంట్లోనే ఉంది కాబట్టి వచ్చాను. 20 కిలోమీటర్లు అడవి దాటి వచ్చేవాళ్లను వారానికోసారి రమ్మంటే వాళ్లు మధ్యలో మానేయరా? ఆశ అక్కలు నెలకు 18,000 స్థిర వేతనం కావాలని ఎన్నాళ్ల నుంచో ధర్నాలు చేస్తున్నారు. అక్క ధర్నాకు పోయిన రోజు కూడా సాయంత్రం ఫోన్ చేసి, గోలీలు ఏసుకున్నవా అని అడిగింది.

మార్చి 24 ప్రపంచ క్షయ దినం. 1882లో అదే రోజున రాబర్ట్ కాక్ అనే జర్మన్ డాక్టర్ ఈ క్రిమిని కనుక్కున్నట్టు ప్రకటించాడట. దవాఖానలో చిన్న మీటింగ్ పెట్టారు. రెండు నెలల తెమడ పరీక్షలో నాకు క్రిమి లేదని అప్పుడే తేలింది. నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. ఊరివాళ్లు ఉన్నారని తల అడ్డంగా ఊపాను.

ఆ సిగ్గే మే నెలలో నన్ను దెబ్బతీసింది. నర్సంపేటలో మా అన్న బిడ్డ పెళ్లి. నాలుగు రోజులు ఉండాలి. బంధువులంతా ఒకే ఇంట్లో. గోలీలు చూస్తే ఏమిటివని అడుగుతారు, బాత్రూమ్ దగ్గర ఎర్రగా చూస్తే ఇంకేదో అనుకుంటారు. అప్పటికి బరువు 46 కిలోలు, దగ్గు లేదు, జ్వరం లేదు. నాలుగు రోజులకేం అవుతుందిలే అని షీట్లను బీరువాలోనే వదిలేసి పోయాను. అక్క రోజూ ఫోన్ చేస్తే, ఏసుకున్న అక్కా అన్నాను. నాలుగు రోజులూ అన్నాను.

తిరిగొచ్చిన మర్నాడు అక్క వచ్చింది. మంచం మీద కూర్చుని, మామూలుగా షీట్లు చూపించమంది. ఒక్కొక్క గుంట మీద బొటనవేలు పెట్టి లెక్కపెట్టింది. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది. రోజుకు మూడు చొప్పున పన్నెండు గోలీలు మిగిలి ఉన్నాయి. తన రిజిస్టర్ తెరిచి నా పేరు దగ్గర ఆగింది.

“నీ మాట మీదనే ఇండ్ల టిక్కులు పెట్టిన చెల్లె. నాలుగు టిక్కులు అబద్ధమైనయ్.”

అంతే. గొంతు కూడా పెంచలేదు. పెన్ను తీసి ఆ నాలుగు టిక్కుల మీద గీత కొట్టి, పక్కన చిన్నగా సంతకం చేసింది. నేను ఆమె చేయి పట్టుకుని ఏడ్చేశాను. అక్క నా వీపు మీద చేయి వేసి, “డాక్టరమ్మకు నువ్వు చెప్తవా, నన్ను చెప్పుమంటవా?” అంది. నేనే చెప్తానన్నాను.

మర్నాడు దవాఖానకు పోయి చెప్పాను. మధ్యలో మానేసి మళ్లీ మొదలుపెట్టి, అలా చేస్తూ పోతే క్రిములు మందులకు అలవాటు పడతాయి, అప్పుడు ఇంకా గట్టి మందులు ఏడాదికి పైగా వాడాల్సి రావచ్చు, పిల్లలకు కూడా ఆ మొండి టీబీయే అంటవచ్చు అని డాక్టరమ్మ చెప్పింది. నాలుగు రోజులు చివర్లో కలుపుతామంది. 168 రోజుల లెక్క ప్రకారం జులై 6న అయిపోవాల్సింది నాకు జులై 10న అయిపోయింది. ఆ తర్వాత ఒక్క రోజు కూడా తప్పలేదు. ఎవరున్నా వాళ్ల ముందే వేసుకున్నాను. జాకెట్ కొలతలకు వచ్చిన వాళ్లు అడిగితే, టీబీ గోలీలు, తగ్గిపోయింది, ఇంకా ఇన్ని రోజులున్నాయి అని చెప్పాను. ఇద్దరు బట్టలు వెనక్కి తీసుకుపోయారు. నలుగురు తమ ఇంట్లో దగ్గేవాళ్ల గురించి అడిగారు.

చివరి రోజు బరువు 48 కిలోలు. తెమడలో క్రిమి లేదు. ఎక్స్‌రేలో కుడి వైపు పైన చిన్న మచ్చ మిగిలింది, అది మానిన గాయం గుర్తేనన్నారు. రెండేళ్ల దాకా ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలి. ఇంటికొచ్చి కిటికీలోంచి రీళ్లు తీశాను. పైన దుమ్ము, ఎండకు ఒక వైపు కొద్దిగా వెలిశాయి. వెలిసింది రీళ్లే, నా చూపు కాదు అని తెలుసుకోవడానికి వెనక్కి తిప్పి కూడా చూశాను. వెనక వైపు రంగు అలాగే ఉంది.

పోయిన నెల అక్క ఫోన్ చేసింది. పక్క గూడెంలో ఒకామె నెల నుంచి దగ్గుతోంది, డబ్బా ఇస్తే మూలన పడేసింది, నన్ను చూసి లోపలికి పోతుంది, నువ్వు ఒకసారి వస్తవా అని అడిగింది. తెల్లవారుజామున మా ఆయన ఆటోలో పోయాం. ఆమె తడిక వెనక నిలబడింది, బయటికి రాలేదు. నేను నా ఫోన్‌లో రెండు ఫొటోలు చూపించాను, జనవరిలో ఆధార్ కోసం తీయించుకున్నది, జులైలో మా బిడ్డ తీసింది. చాలాసేపు చూసింది. తర్వాత తడిక తీసింది.

ఇంటి వెనక్కి తీసుకుపోయాను. “ముందుగాల నీళ్లతోని పుక్కిలించు. ఇగ గాలి గట్టిగ గుంజి, ఆపు. ఇడువు. ఇంకోపారి. గొంతులకెళ్లి కాదక్కా, కడుపు బిగబట్టి, ఛాతీ అడుగుకెళ్లి దగ్గాలె.” నేను గాలి వచ్చే వైపు నిలబడ్డాను. మూడోసారికి వచ్చింది. అక్క మూత బిగించి, వెలుతురులో పెట్టి చూసింది. ఉమ్మి కాదు, తెమడే. కవర్లో చుట్టి నా ఒళ్లో పెట్టింది. దవాఖాన ల్యాబ్ తెరిచేసరికి గేటు దగ్గర ఉన్నాం.